గోడకు పనికిరాని గంజి

నాకు అనుమానం ఎక్కువ. అడుగున పుచ్చు వంకాయలు వేశాడేమోనని దుకాణం ముందే సంచి బోర్లించి చూసుకునే రకం నేను. ఎవరైనా మెచ్చుకుంటే ఆ పూటంతా వీళ్ళకు నాతో ఏం పని పడిందో అని ఆలోచిస్తాను. ఈ గుణం వల్ల రెండు మూడు సార్లు బాగుపడ్డాను, కాదనను. కానీ తెలంగాణ కోసం ఊళ్ళకు ఊళ్ళు రోడ్డెక్కిన రోజుల్లో ఇదే గుణం నన్ను తలెత్తుకోకుండా చేసింది. ఆ సంగతి చెప్పాలంటే ముందు మా బాపు కాచే గంజి గురించి చెప్పాలి.

మాది సిరిసిల్ల. బాపు చేమగ్గం మీద పెరిగి, మరమగ్గాలు వచ్చాక కార్ఖానాలో చేరిన మనిషి. చేమగ్గం రోజుల్లో పడుగు దారాలకు ఇంటి దగ్గరే గంజి పెట్టేవాళ్ళు. వాడకట్టు పొడుగునా పడుగు చాపి, బియ్యప్పిండి గంజిని కుంచెతో పట్టించేవాళ్ళు. ఆ గంజిలో కొంచెం నూనె కలుపుతారు. నూనె పడకపోతే దారాలు ఒకదానికొకటి అతుక్కుని, మగ్గం మీదికి ఎక్కాక పుటుక్కున తెగుతాయి. మరమగ్గాల్లో ఆ బాధ లేదు, పడుగు తయారై వస్తుంది. అయినా బాపు చేతికి అలవాటు పోలేదు. ఇంట్లో గంజి ఎందుకు కాచినా సరే, దించే ముందు ఆయన చెయ్యి నూనె సీసా మీదికి పోవాల్సిందే. ఒకసారి అమ్మ నూలు చీరకు గంజి కాయమంటే అందులోనూ నూనె వేశాడు. అమ్మ ఆ మరకల చీరను బాపు కనిపించేట్టుగా దండెం మీద వారం రోజులు ఆరేసింది.

అప్పట్లో నేను కోరుట్లలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఇంగ్లిష్ చెప్పేదాన్ని. పార్ట్‌టైం. అక్కడే ఒక గది తీసుకుని ఉండేదాన్ని. పక్కన ఎంఫిల్ నడుస్తోంది. నాలుగు వందల ఏళ్ళ కింద ఇంగ్లండువాళ్ళకూ, సముద్రానికి అవతలి ఒడ్డున ఉన్న డచ్చివాళ్ళకూ మధ్య పుస్తకాలు, నాటకాలు, చేతిపనులు ఎట్లా ఇటూ అటూ పోయి వచ్చాయన్నది నా అంశం. కోరుట్ల బస్టాండులో ఈ మాట చెబితే ఎవరైనా నా మొహం చూసి జాలిపడేవాళ్ళు. మా కాలేజీ కామర్స్ సారు అయితే, గాళ్ళిద్దరు ఏం ఇచ్చుకుంటే మనకేంది మేడం, మన నీళ్ళు మనకు రావాలె గని, అనేవాడు. ఆయన అన్నదాంట్లో న్యాయం లేకపోలేదు.

ఆ అంశం నా చేతికిచ్చింది జగిత్యాల మేడం. అక్కడి గవర్నమెంటు కాలేజీలో ఇంగ్లిష్ లెక్చరర్. ఆంధ్రా నుంచి పోస్టింగ్ మీద వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. ఒక్కతే ఉండేది. ఎందుకు ఒక్కతే అని ఎవరూ అడగలేదు, ఎవరికి తోచింది వాళ్ళు ఊహించుకున్నారు. నా గైడు హైదరాబాదులో సంతకాలకే గానీ, నిజానికి నాకు చదువు చెప్పింది ఈమే. ఆదివారం పొద్దున కోరుట్లలో బస్సెక్కితే గంటలోపే ఆమె గేటు ముందు ఉండేదాన్ని. రెండు గదుల ఇల్లు, మూడు గోడల పుస్తకాలు. ఇంగ్లిష్ నాటకాలవాళ్ళు పడవెక్కి పోయి, భాష రాకున్నా ఆటతో పాటతో నెట్టుకొస్తూ డచ్చి ఊళ్ళ సంతల్లో ఎట్లా ఆడేవాళ్ళో అక్కడే విన్నాను. ఇంగ్లండులో అచ్చు వేయనివ్వని పుస్తకాలు డచ్చి ఊళ్ళలో అచ్చయి, సరుకుల మధ్య దాక్కుని వెనక్కి వచ్చేవట. డచ్చివాళ్ళ బొమ్మల పుస్తకాలకు వీళ్ళు తమ భాషలో నీతి పద్యాలు కట్టుకునేవాళ్ళట. అట్లా అన్నీ తీసుకుంటూనే, తమ నాటకంలో డచ్చివాడు కనిపిస్తే మాత్రం వాడిని వెన్న మింగే తాగుబోతును చేసి నవ్వేవాళ్ళట.

నన్ను పట్టేసింది మాత్రం నేతగాళ్ళ కథ. యుద్ధాలకూ మతం గొడవలకూ ఇల్లు వదిలిన డచ్చి నేతగాళ్ళు ఇంగ్లిష్ ఊళ్ళకు వచ్చి మగ్గాలు నాటారు. కొత్త రకం ఉన్ని బట్ట నేయడం అక్కడివాళ్ళకు నేర్పారు. కొన్నాళ్ళకు, వీళ్ళ వల్లే మా కడుపు మాడుతోందని, పొమ్మని బెదిరిస్తూ పద్యాలు రాసి గోడలకు అంటించినవాళ్ళూ ఉన్నారు. ఆ గోడ పద్యాల మీద నేను ఒక అధ్యాయం రాశాను. అరవై పేజీలు, చేత్తో. నా దగ్గర ఇంకో కాపీ లేదు. చదివి ఇస్తానని మేడం తీసుకుంది.

ఇక్కడే నా బుద్ధి పని మొదలుపెట్టింది.

అసలు మొదటినుంచే నాకు ఆమె మీద ఒక కన్ను ఉండేది. పుస్తకం ఇచ్చి మళ్ళీ అడగని మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు. ఇంత చేస్తోందంటే ఏదో ఉండాలి కదా. దానికి తోడు ఒక కడుపుమంట కూడా ఉండేది, దాచడం ఎందుకు. నేను పీజీలో మంచి మార్కులు తెచ్చుకుని పార్ట్‌టైంలో పడి ఉన్నాను. మా జిల్లా పోస్టులో కూర్చుని ఉన్నది ఆమె. ఆ కోపం నాకొక్కదానిదే కాదు, ఊరందరిదీ. అది తప్పని నేను ఇప్పటికీ అనను. కానీ ఆ కోపం ఒక మనిషి మొహం తొడుక్కుంటే ఏమవుతుందో అప్పుడు నాకు తెలియదు.

అధ్యాయం తీసుకుని నెల దాటింది, రెండు నెలలు దాటింది. అడిగితే, ఇంకా ఉంది అమ్మాయ్, తొందరపడకు, అనేది. మూడో నెలలో సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, కాలేజీలు మూతపడ్డాయి. రోడ్ల మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. జగిత్యాలలో లెక్చరర్ల టెంటులోకి మేడం ఒకరోజు వచ్చి, ఓ మూలన కూర్చుని, ఏమీ మాట్లాడకుండా వెళ్ళిపోయిందట. కూసునేటందుకు కాదు, మొహాలు చూసి పోయేటందుకు అచ్చింది, అని కామర్స్ సారు నాతో అన్నాడు. పోలీసులకు ఉద్యమంలో తిరిగే పిల్లల పేర్లు పోతున్నాయని, అవి ఎవరో ఒకరు ఇవ్వకుండా ఎట్లా పోతాయని కూడా అన్నాడు. నిప్పు లేనిదే పొగ రాదు కదా అనుకున్నాను. పొగ ఊదుతున్నవాళ్ళలో నేనూ ఒకదాన్నని అనుకోలేదు.

ఆ ఆదివారం ఆటో మార్చి ఆటో ఎక్కి జగిత్యాల పోయాను. మేడం టీ పెట్టడానికి లోపలికి పోయింది. బల్ల మీద ఒక నోటుబుక్కు ఉంది. చెప్పడానికి సిగ్గుగా ఉంది, తెరిచి చూశాను. వరసగా పిల్లల పేర్లు, పక్కన ఊళ్ళు. మల్లాపూర్, బీర్పూర్, మేడిపల్లి. కొన్ని పేర్ల పక్కన టిక్కులు. లోపల గిన్నె చప్పుడైంది, మూసేశాను. టీ తాగుతూ ఆమె బొమ్మల పుస్తకాల గురించి ఏదో చెబుతోంది, నా చెవికి ఎక్కలేదు. టిక్కు పెట్టినవాళ్ళు పట్టుబడ్డవాళ్ళా, పట్టుబడాల్సినవాళ్ళా అని ఆలోచిస్తున్నాను. అధ్యాయం సంగతి అడిగితే మళ్ళీ అదే మాట, ఇంకా ఉంది అని. కామర్స్ సారు మరో మాట కూడా చెప్పి ఉన్నాడు. పిల్లలు రాసినవి పెద్దవాళ్ళు తమ పేరు మీద అచ్చేసుకోవడం యూనివర్సిటీల్లో మామూలేనట.

అక్కడినుంచి వేములవాడ మీదుగా జీపులో పడి సిరిసిల్ల చేరాను. ఇల్లంతా పోస్టర్ల గోలగా ఉంది. మా అన్న కార్ఖానాలోనే సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు, ఉద్యమంలో ముందుండేవాడు. వాడకట్టుకు కావాల్సిన పోస్టర్లన్నీ మా వాకిట్లోనే పోగేశారు. వాటిని అంటించడానికి గంజి కాచే పని బాపు తన మీద వేసుకున్నాడు. మైదా ఎందుకు, నేను కాస్త గదా, అన్నాడట. కాచాడు. చెయ్యి ఊరుకుంటుందా, నూనె కూడా పోశాడు. పొద్దున అంటించిన పోస్టర్లు మధ్యాహ్నం ఎండకు అరటి తొక్కల్లా ఊడి వచ్చాయి. వాడకట్టు అంతా నవ్వింది. నీ గంజి సర్కారు దిక్కున్నదా మామా అని పిల్లలు ఆయన్ను ఏడిపించారు. బాపు కూడా నవ్వాడు. రెండోసారి కాచినప్పుడు మళ్ళీ నూనె పోశాడు.

మర్నాడు మధ్యాహ్నం అన్నం తింటూ బాపు నా చదువు గురించి అడిగాడు. ఆయనకు డచ్చి మగ్గం మీద ఆసక్తి. పలక ఎంత వెడల్పు, ఆడవాళ్ళు నేసేవాళ్ళా, గంజి దేనితో కాచేవాళ్ళు, అన్నీ అడిగేవాడు. నాకు సగం తెలిసేది కాదు. ఆ రోజు గోడ పద్యాల సంగతి చెప్పాను. చెప్పే ఊపులో, అసలు పద్యం ఎట్లున్నా, మన మాటల్లో అయితే ఇట్లా ఉంటుందని నాకు తోచినట్టు కట్టి వినిపించాను.

"నీళ్ళు దాటి అచ్చినోళ్ళార, మా నీడల మగ్గం నాటినోళ్ళార, మా కూడు తిని మమ్ములనే ఆర్పినోళ్ళార, మూట కట్టుండ్రి."

అన్న తొడ చరిచి మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను. మెప్పు ఎవరికి చేదు. బాపు మాత్రం నవ్వలేదు. ముద్ద కలుపుతూ ఆగి ఒక మాట అడిగాడు.

"గా పరాయి సాలోళ్ళను పని నేర్వకముందు పొమ్మన్నరా బిడ్డా, నేర్సుకున్నంక పొమ్మన్నరా?"

పుస్తకం చూసి చెప్తాను బాపు అన్నాను. నిజానికి నా మనసు అక్కడ లేదు. మేడం మీద కక్కాల్సింది చాలా ఉంది, అంతా కక్కాను. అరవై పేజీలు మూడు నెలలుగా తొక్కిపెట్టిందని, తన పేరు మీద వేసుకున్నా దిక్కు లేదని, నోటుబుక్కులో పిల్లల పేర్లు ఉన్నాయని. అన్న తింటూ వింటూ ఉన్నాడు. ఏమీ అనలేదు. మా అన్న ఏమీ అనకపోతే అనుమానించాలి. ప్రపంచంలో అందరినీ అనుమానించే నేను ఆ ఒక్కడిని మరిచిపోయాను.

మళ్ళీ ఆదివారం మేడం ఇంటికి పోయేసరికి ఆమె గేటు బయట గోడ ముందు నిలబడి ఉంది. గోడ మీద ఒక డ్రాయింగ్ షీటు, ఎర్ర స్కెచ్చు పెన్నుతో రాత. నాలుగు అడుగుల దూరం నుంచే చదివాను. చదవాల్సిన అవసరం కూడా లేదు, అది నాదే. నీళ్ళు దాటి వచ్చినోళ్ళు, నీడలో నాటిన మగ్గం, మూట. ఒక్క ముక్క మార్చలేదు. పక్కింటి ఆవిడ గుమ్మంలో నిలబడి, లెక్చరరమ్మకు మగ్గమెక్కడిది, ఎవలింటికో అంటియ్యవోయి ఈడ అంటిచ్చిపోయిండ్రు, అంటోంది.

మేడం నన్ను చూసింది. "రా అమ్మాయ్, వేళకొచ్చావ్. ఆ కింది మూల పట్టుకో, చిరక్కుండా తీద్దాం."

పట్టుకున్నాను. ఎదురుగా కరెంటు స్తంభానికి మైదాతో అంటించిన సభ పోస్టరు వానకు తడిసి, ఎండకు ఎండి, గోటితో గీకినా రానట్టు ఉంది. ఇది మాత్రం చిన్న చిరుగు కూడా లేకుండా నిలువునా మా చేతుల్లోకి వచ్చింది. అంచుల వెంట నూనె మరక. నాకు వాసన తెలిసిపోయింది. అమ్మ నూలు చీర మీద వారం రోజులు చూసిన మరక అది. ఇంకెవరినీ అనుమానించడానికి నాకు చోటు మిగల్లేదు.

ఆమె వేలితో వెనకవైపు రాసి, ముక్కు దగ్గర పెట్టుకుంది.

"మైదా కాదిది, బియ్యప్పిండి గంజి. ఇంత నూనె పడుగుకి మంచిదే అమ్మాయ్, గోడకి పనికిరాదు."

మీకెట్లా తెలుసు అని అడిగాను. వాళ్ళమ్మ చీరాలలో పడుగులకు గంజి పెట్టేదని, బడికి పోయే ముందు కుంచె పట్టుకుని తానూ వెంట నడిచేదని మామూలుగా చెప్పింది. అన్నేళ్ళలో ఆమె ఆ మాట చెప్పలేదు, నేను అడగలేదు. నేతగాళ్ళ మీద అరవై పేజీలు రాసుకుని పోయి నేతగాళ్ళ బిడ్డ చేతిలో పెట్టాను, ఆ సంగతే నాకు తెలియదు.

లోపల టీ ఇచ్చింది. పోస్టరును మడతపెట్టి పుస్తకాల మీద పెట్టింది. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఎవరు అంటించారో అని ఆమె ఒక్కసారి కూడా అనలేదు. పోలీసుల మాట ఎత్తలేదు. గ్లాసు తీసుకుంటూ, మీ నాన్నగారు బాగున్నారా, అని మాత్రం అడిగింది. ఎప్పుడూ అడిగే మాటే అది. ఆ రోజు అందులో ఇంకో మాట వెతికాను. తెలిసి అడిగిందా, తెలియక అడిగిందా? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, బాపుకు పోస్టర్లతో సంబంధమే లేదు మేడం అనబోయి నాలుక కరుచుకున్నాను.

సిరిసిల్ల పోయి అన్నను నిలదీశాను. అన్న దాచలేదు. జగిత్యాలలో ధూంధాం ఆటపాటల సభకు పోయినప్పుడు బాపు కాచిన గంజి డబ్బాలో పోసుకుని పోయాడట. ఒకసారి నన్ను బండి మీద దింపినప్పుడు ఇల్లు చూసి ఉన్నాడు.

"నువ్వే గదనే అన్నవు, నీ కాయితాలు గామె కాజేసిందని. నీకోసమే జేసిన," అన్నాడు.

కోపం వచ్చింది, అది అన్న మీద ఎంతో నా మీద ఎంతో తెలియదు. మంచం మీద కూర్చుని బాపు అంతా విన్నాడు. ఆమెది కూడా నేతగాళ్ళ ఇల్లేనని, గంజి వాసన పట్టిందని చెప్పినప్పుడు ఆయన మొహం చూడలేకపోయాను. పోయి చెప్పు బిడ్డా అన్నాడు. గంజి మా బాపుది, రాత మా అన్నది, మాట నాది అని చెప్పు, ఆమె ఏమంటే అది పడుదము, అన్నాడు. సరే అన్నాను. ఆ వారం చెప్తాననే అనుకున్నాను.

చెప్పలేదు. ఒకసారి పోతే ఇంట్లో ఎవరో ఉన్నారు. ఇంకోసారి ఆమెకు జ్వరం. ఇవి సాకులని నాకు తెలుసు. అసలు సంగతి ఇంకా నీచమైనది. నిజం చెబితే నా అరవై పేజీలు ఇక రావని భయం. నన్ను దగ్గరికి రానిచ్చే మనిషి పోతుందని భయం. ఈ రెండింట్లో ఏది పెద్దదో ఆ రోజుల్లో నేను తేల్చుకోలేదు, తేల్చుకోవాలని కూడా అనుకోలేదు. ఆమె ఏమీ అడగకపోవడంతో నా అనుమానం ఇంకా ముదిరింది. తెలిసే ఊరుకుంటోంది, నా నోటితోనే రప్పించాలని చూస్తోంది అనుకునేదాన్ని. తప్పు నాదైనప్పుడు కూడా అనుమానం ఆమె మీదే.

సమ్మె ఆగి కాలేజీలు తెరిచిన రోజుల్లో, మల్లాపూర్ నుంచి వచ్చే నా విద్యార్థిని ఒకతె ఏదో సందేహం అడగడానికి కాగితాల కట్ట పట్టుకొచ్చింది. జగిత్యాలలో చదివే వాళ్ళ అక్క నోట్సు అది. చేతిరాత చూడగానే గుర్తుపట్టాను, మేడంది. ఎక్కడిదని అడిగాను. బస్సులు లేనప్పుడు ఆ మేడమే పాఠాలు రాసి, జిరాక్సు తీయించి, ఆటోలవాళ్ళతో ఊళ్ళకు పంపిందట. బీర్పూరు దిక్కు, మేడిపల్లి దిక్కు గూడ పంపిచ్చింది మేడం, ముట్టినయా అని మళ్ళ ఫోన్ జేసి అడిగింది, అని చెప్పింది ఆ అమ్మాయి. ముట్టినవాళ్ళ పేర్ల పక్కన టిక్కులన్నమాట. ఆ పూట క్లాసులో ఏం చెప్పానో నాకు గుర్తులేదు.

ఇక ఆగకూడదనుకుని ఆదివారం దాకా కూడా ఉండలేదు, మర్నాడే పోయాను. గేటు ముందు డీసీఎం వ్యాను ఉంది. పుస్తకాల పెట్టెలు ఎక్కిస్తున్నారు. ఇంకా నాలుగేళ్ళ సర్వీసు ఉండగానే ఉద్యోగం మానేసిందట. గోడ మీద ఆ డ్రాయింగ్ షీటు ఉన్న చోట నలుచదరంగా నూనె మరక అట్లాగే ఉంది. ఇంటాయన సున్నం వేయించినా పైకి తేలిందట.

మేడం, మీతోటి ఒక మాట చెప్పాలె, అన్నాను. చెప్పు అంది. చేతిలో ఇంకా ఏదో సర్దుతూనే ఉంది, కానీ నా మొహమే చూస్తోంది. చుట్టూ హమాలీలు, పక్కింటి ఆవిడ, డ్రైవరు. మీరు పోవుడు నాకు మంచిగ అనిపిస్తలేదు, అన్నాను. అది కూడా నిజమే, కానీ చెప్పాల్సింది అది కాదు. ఆమె ఇంకాసేపు చూసింది. నేను ఇంకేమైనా అంటానేమోనని ఆగిందని ఇప్పుడు అనిపిస్తుంది. తర్వాత లోపలికి పోయి నా ఫైలు తెచ్చి చేతిలో పెట్టింది. ఆలస్యమైంది, కోపం పెట్టుకోకు, ఇంటికెళ్ళి నెమ్మదిగా చూసుకో, అంది.

ఇంటిదాకా ఎవరు ఆగుతారు. కోరుట్ల బస్సులో కిటికీ పక్కన కూర్చుని విప్పాను. అరవై పేజీల్లో పెన్సిలు పడని పేజీ లేదు. నేను తప్పు రాసిన ఊళ్ళ పేర్లు దిద్దింది. నాకు దొరకని పుస్తకాల కోసం ఎవరెవరికో ఉత్తరాలు రాసి, డచ్చి బొమ్మల పుస్తకాల పేజీలు జిరాక్సులు తెప్పించి, ఎక్కడ చేర్చాలో గుర్తులు పెట్టింది. అన్ని నెలలు పట్టింది అందుకే. మొదటి పేజీలో నా పేరు మసకగా ఉందని దాని మీదే మళ్ళీ స్పష్టంగా దిద్దింది.

అన్నిటికన్నా అడుగున ఆ డ్రాయింగ్ షీటు ఉంది, నాలుగు మడతలు. విప్పాను. పరీక్ష పేపరు దిద్దినట్టు దాన్నీ దిద్దింది. మగ్గం అన్న మాట కింద గీత. చివర, ఎడమ మూలన, అదే పెన్సిలుతో రెండు వాక్యాలు.

"అనువాదం బాగుంది. మూలం ఎక్కడిదో చెప్పలేదు."

బస్సు మోహన్‌రావుపేట దాటిందో లేదో నాకు తెలియదు. పక్కన కూర్చున్నామె, ఏమైంది బిడ్డా, ఎవలన్న పోయిండ్రా, అని అడిగింది. అవునన్నాను.

ఆ సాయంత్రం ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. తర్వాత చీరాల అడ్రసు సంపాదించి ఉత్తరం రాశాను. గంజి బాపుది, రాత అన్నది, మాట నాది, బాపు చెప్పిన వరసలోనే రాశాను. దాని కింద, మీ మీద నేను ఏమేమి అనుకున్నానో అది కూడా రాశాను, నోటుబుక్కు తెరిచిన సంగతితో సహా. జవాబు రాలేదు. అందిందో లేదో కూడా తెలియదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా, అంది కూడా రాయలేదా, అందలేదా అని రెండు రకాలుగా ఆలోచిస్తూనే ఉంటాను. గుణం ఎక్కడికి పోతుంది.

ఎంఫిల్ వచ్చింది. తర్వాత తెలంగాణ వచ్చింది. నాకు పోస్టు కూడా వచ్చింది, జగిత్యాలలోనే. ఆర్డరు కాగితం చూపించడానికి సిరిసిల్ల పోయినప్పుడు పాత ఫైలు కూడా బాపు ముందు పెట్టాను. అప్పటిదాకా ఆ పోస్టరు ఆయనకు చూపించే ధైర్యం చేయలేదు. ఆయన చదవలేదు, ఆయనకు చదువు రాదు. అంచు వెంట నూనె మరక మీద బొటనవేలితో మెల్లగా రాశాడు. మూలన పెన్సిలుతో ఏమి రాసి ఉందని అడిగాడు. చదివి వినిపించాను. అప్పుడెప్పుడో అన్నం తింటూ అడిగిన ప్రశ్నకు తనే జవాబు చెప్పుకున్నట్టు అన్నాడు.

"అయితె నేర్సుకున్నంకనే పొమ్మన్నరన్నట్టు బిడ్డా."

ఆయన అంటున్నది డచ్చివాళ్ళ గురించి కాదని నాకు తెలుసు. అవును బాపు, అన్నాను.